పానకాలరావు గారి పొయ్యిల పుస్తకం

మా ఇంటి ఎదురుగా అపార్ట్‌మెంటు కడుతున్నారు. ఇసుక గుట్ట పక్కన రేకుల షెడ్డు వేసుకుని, అక్కడే తట్టలు మోసే ఒక కుటుంబం ఉంటోంది. తెల్లవారగానే ఆ ఇల్లాలు మూడు ఇటుకలు పేర్చి, విరిగిపోయిన సెంట్రింగు చెక్కలు ఎగదోసి పొయ్యి రాజేస్తుంది. తడి చెక్క పొగ నేరుగా మా మేడ మీది వసారాలోకి వస్తుంది. మా కోడలు విసుక్కుంటూ కిటికీలు మూసేస్తుంది. నేను మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడతాను. తడి పొగ వాసన తగిలితే నాకు అమృతలూరు వైపు ఉన్న ఒక గూడెం, భాద్రపదమాసపు బురద, ముందు గొడుగు వేసుకుని నడుస్తున్న ఒక పొట్టి మనిషి గుర్తొస్తారు. ఆయన పేరు పానకాలరావు గారు. తెనాలిలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఈ నాలుగు ముక్కలూ చదివేవాళ్ళలో ఆయన్ని చూసినవాళ్ళు ఎవరూ ఉండరనే అనుకుంటున్నాను. ఆయన ఆరేళ్ళ పాటు ఎండనక వాననక తిరిగి రాసిన పుస్తకాలు చేరాల్సిన చోటికి చేరలేదు. అందులో నా చెయ్యి ఉంది కాబట్టే ఇది రాయడానికి కూర్చున్నాను.

మాది రేపల్లె. మా నాన్నకి చీరాల చీరలు అమ్మే చిన్న కొట్టు ఉండేది. అరవైల మధ్యలో నేను ఎం.ఏ. పూర్తి చేసి ఇంట్లో కూర్చుంటే, ఆడపిల్లకి ఇంత చదువు చెప్పించి ఏం చేసుకుంటాడని బజారంతా మా నాన్నని అడిగేది. అప్పుడే పానకాలరావు గారు తనతో పాటు ఊళ్ళు తిరిగి వివరాలు సేకరించడానికి ఒక మనిషి కావాలని కాలేజీ బోర్డు మీద కాగితం అంటించారు. ఆరుగురం వెళ్ళాం. ఐదుగురు మగపిల్లలు, నేను. సర్టిఫికెట్లు చూపించబోతే ఆయన చేత్తో వారించి, అందరినీ బస్సెక్కించారు. దిగిన చోటి నుంచి చేలగట్ల మీద మూడు మైళ్ళు నడిపించి, గూడెంలో కోటమ్మ అనే ఆవిడ పాక ముందు ఆగారు. ఆవిడ నాట్లకీ కోతలకీ వెళ్ళే కూలి మనిషి. "కాసిని మంచినీళ్ళు ఇప్పించమ్మా" అన్నారు మాస్టారు. ఆవిడ ముంత పట్టుకొచ్చింది. మగపిల్లలు ఐదుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని "దాహంగా లేదండి" అన్నారు. నేను తాగాను. నాకేమీ గొప్ప ఆదర్శాలు లేవు. పొద్దున్నే ఆరింటి రైలుకి రేపల్లెలో బయల్దేరి ఉన్నాను, గొంతు ఎండిపోయింది, అంతే.

తిరిగి వచ్చేటప్పుడు మాస్టారు నా పక్కన నడుస్తూ, "ఏం చూశావమ్మాయ్?" అన్నారు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయండి."

"అది కాదు. ఆవిడ నీళ్ళు ముంచడానికి లోపలికి వెళ్ళినప్పుడు తలుపు తీసే ఉందిగా. ఏం కనపడింది?"

"అన్నం కుండ బోర్లించి ఉందండి."

"తడిగానా, పొడిగానా?"

నేను ఆగి గుర్తు తెచ్చుకున్నాను. "పొడిగానండి."

"సోమవారం నుంచి పన్లోకి రా" అన్నారు. ఆ తర్వాత నేను చూసిన ఇంటర్వ్యూలన్నిటిలోకీ అదే తెలివైన ఇంటర్వ్యూ.

ఆయన పద్ధతి అంతా ఆ బోర్లించిన కుండలోనే ఉంది. మన వైపు ఎవరైనా ఎదురైతే ముందు అడిగేది భోజనం అయిందా అని. ఎదుటివాళ్ళు చెప్పేది అయిందండి అని. మూడు రోజులు పస్తున్నవాడు కూడా అదే చెబుతాడు. లేదని చెబితే అడిగినవాడిని ఇరుకున పెట్టినట్టు, తన ఇంటి గుట్టు తానే వీధిలో వేసుకున్నట్టు. "కాబట్టి తిండి గురించి ఎవర్నీ అడగొద్దు అమ్మాయ్. అడిగావో, అబద్ధం చెప్పించినదానివి అవుతావు" అనేవారు మాస్టారు. ఆయన పొయ్యిలు చూసేవారు. తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి గూడెం చివర కాలవగట్టు మీద నిలబడితే ఏ పాక కప్పులోంచి పొగ లేస్తోందో కనపడేది. గళ్ళ పుస్తకంలో పాకల వరస ఒక పక్క, రోజుల వరస ఒక పక్క. పొగ లేస్తే నల్ల చుక్క. లేకపోతే సున్నా. నెలకి పది రోజులు మేమిద్దరం వెళ్ళేవాళ్ళం. మిగతా రోజులకి కాలవగట్టు మీద టీ కొట్టు పెట్టుకున్న అతను చుక్కలూ సున్నాలూ వేసి ఉంచేవాడు. ఇలా ఆరేళ్ళు. కోతలయ్యాక పుష్యమాసంలో పేజీలన్నీ చీమలు పట్టినట్టు నల్లగా ఉండేవి. నాట్లయిపోయి, కోతలు ఇంకా రాని భాద్రపదం, ఆశ్వయుజాల్లో పనుండేది కాదు. ఆ పేజీల్లో ఎటు చూసినా సున్నాలే. డెల్టా అంటే అన్నపు గిన్నె అనుకునే వాళ్ళకి ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించాలన్నది ఆయన కోరిక. ఇంకో కోరిక ఆయనకి ఉన్నట్టు నాకు తెలీదు.

నాకూ ఒక కోరిక ఉండేది. ఆయనంటే నాకు ఎంత గౌరవమో అంత కోపం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను. నాలుగో ఏడు మద్రాసు నుంచి వచ్చే ఒక పత్రికలో మా పని మీద ఆయన వ్యాసం అచ్చయింది. పైన ఆయన పేరు, పేరు పక్కన డిగ్రీలు. అడుగున సన్న అక్షరాల్లో, 'ఒక విద్యార్థిని సహాయంతో' అని. పిక్కలదాకా బురదలో దిగబడి, జలగల్ని పీక్కుంటూ, ఆడవాళ్ళు మగవాళ్ళకి చెప్పని మాటలన్నీ పాకల్లో కూర్చుని విని రాసిన మనిషికి పేరు లేదు. "నా పేరు రాయలేదేంటండి?" అని ఒకసారి అడిగాను. "పేరుదేముందమ్మాయ్, పని ముఖ్యం గానీ" అని నవ్వేశారు. పేరులో ఏమీ లేకపోతే ఆయనది మాత్రం అంత లావుగా ఎందుకు వేశారని నేను అడగలేదు. అడగని మాట లోపల ఉండిపోయింది.

డెబ్బైల మొదట్లో విదేశాల వాళ్ళ సంస్థ ఒకటి, బీద దేశాల్లో పల్లెల మీద పెద్ద అధ్యయనాలు చేయిస్తామని, ఒక్కో చోటికి ఒక్కో ప్రాజెక్టు లీడర్ కావాలని ఇంగ్లీషు పేపర్లో ప్రకటన వేసింది. మన డెల్టాకి ఒకరు. ఆ రిపోర్టును బట్టి, పని లేని నెలల్లో కూలీలకి గింజలు ఇవ్వాలా వద్దా అన్నది పైవాళ్ళు తేలుస్తారని చెప్పుకున్నారు. మాస్టారు ఆ ప్రకటన కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగారు. "ఇది గనక నా చేతికొస్తే అమ్మాయ్, సున్నాలు ఢిల్లీ దాకా వెళ్తాయి" అన్నారు. ఆయన దరఖాస్తు నేనే టైపు చేశాను. బాపట్ల ట్రావెలర్స్ బంగళాలో ఇంటర్వ్యూ. పుస్తకాల సంచి మోయడానికీ, ఏ పేజీ ఎక్కడుందో తీసి ఇవ్వడానికీ నన్ను కూడా తీసుకెళ్ళారు.

బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఒక ముసలి దొర, అటూ ఇటూ మనవాళ్ళిద్దరు. నన్ను గోడ పక్క కుర్చీలో కూర్చోమన్నారు. దొర మా పుస్తకాలు చాలాసేపు తిప్పాడు. భాద్రపదం పేజీ దగ్గర ఆగి, సున్నాల మీద వేలు పెట్టి వరసంతా చూశాడు. మా మాస్టారి మొహం వెలిగింది. దొర తలెత్తి, ఈ పని ఎవరు చేశారని ఇంగ్లీషులో అడిగాడు. మాస్టారు నా వైపు చెయ్యి చూపించి నవ్వుతూ, "అంతా మా అమ్మాయే చేసిందండి. నాదేముంది, గొడుగు వేసుకుని వెనక తిరిగాను" అని ఇంగ్లీషులోనే చెప్పారు.

ఆ మాట ఎలాంటిదో మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. పది కూరలు చేసి వడ్డించి ఏమీ చేయలేకపోయానండి అంటామే, అలాంటిది. పెద్దవాళ్ళు పిల్లల్ని ముందుకి తోసి ఆ మాట అంటారు. పిల్లలు వెంటనే లేచి నిలబడి, అబ్బే, అంతా మాస్టారి చలవేనండి అనాలి. వినేవాళ్ళు ఇద్దరి మాటా కలుపుకుని అసలు సంగతి గ్రహిస్తారు. మాట సగం ఆయనది, సగం నాది. ఆయన తన సగం అనేసి నా వైపు చూస్తూ కూర్చున్నారు. నేను తప్పకుండా అంటానన్న ధీమాతో చూస్తున్నారు. దొరకి ఈ ఆనవాయితీ ఏం తెలుసు? అతను నా వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆ సన్న అక్షరాల వరస కళ్ళ ముందు కదిలింది. అచ్చులో ఇవ్వనిది ఈయన మాటల్లో ఇస్తున్నాడు, తీసుకుంటే తప్పేంటి అనిపించింది. "అవునండి" అన్నాను.

బల్లకి అటూ ఇటూ ఉన్న మనవాళ్ళిద్దరికీ ఆనవాయితీ బాగానే తెలుసు. ఒకాయన కాగితాల్లోకి తలొంచి నవ్వుకున్నాడు. ఇంకొకాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. మాస్టారు ఇంకా నా వైపే చూస్తున్నారు. కాసేపటికి చూపు దించుకుని గొడుగు బొత్తాం పెట్టుకోవడం మొదలెట్టారు.

మధ్యాహ్నం దొరకి సముద్రం చూడాలనిపించింది. జీపులో నన్ను కూడా రమ్మన్నాడు. వసారాలో మాస్టారు నిలబడి ఉన్నారు. "వెళ్ళిరా అమ్మాయ్, నేను పాసింజరుకి వెళ్ళిపోతాలే" అన్నారు. సూర్యలంకలో పల్లెకారులు ఎండబెట్టిన చేపల మధ్య నుంచి నడుస్తూ దొర నాకు లీడర్ అంటే ఎలా ఉండాలో చెప్పాడు. తాను చేసిన పని తానే గట్టిగా చెప్పుకోవాలట. తానేమీ చేయలేదని ఒప్పుకున్నందుకు మీ ప్రొఫెసర్ నిజాయితీపరుడు అన్నాడు. నిజం చెప్పడానికి నాకు దొరికిన రెండో అవకాశం అది. బాపట్ల నుంచి సముద్రం దాకా, మళ్ళీ వెనక్కి బంగళా దాకా ఎంతో సమయం ఉంది. చెప్పులో దూరిన ఇసుక దులుపుకుంటూ గడిపేశాను. నెల తిరగకుండా, ప్రాజెక్టు లీడర్ ఉద్యోగం నాకే ఇస్తున్నామని రేపల్లెకి ఉత్తరం వచ్చింది. మా నాన్న కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ మైసూరుపాకం పెట్టాడు. ఆడపిల్లకి చదువెందుకన్నవాళ్ళకి రెండేసి ముక్కలు పెట్టాడు.

చెప్పడానికి తెనాలి వెళ్ళాను. మాస్టారి భార్య సుభద్రమ్మ గారు కాఫీ తెచ్చి నా ముందు పెట్టి, "ఆయనకి మర్యాద ఎక్కువైంది, నీకు తెలివి ఎక్కువైంది" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ కాఫీ తాగడం నా వల్ల కాలేదు. మాస్టారు మాత్రం బాపట్ల ఊసే ఎత్తలేదు. పుస్తకాల సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

"తీసుకెళ్ళు. నీకే పనికొస్తాయి. ఒక్కటే గుర్తు పెట్టుకో, భాద్రపదంలో వెళ్ళు."

"తప్పకుండా వెళ్తానండి" అన్నాను.

వెళ్ళలేదు. సంస్థ వాళ్ళు నలభై పేజీల ప్రశ్నలు అచ్చు వేసి పంపించారు. వాళ్ళ పెద్దలు చలికాలంలో వస్తారు, ఆ రోజులకి పని సాగుతూ ఉండాలి. భాద్రపదంలో ఆ దారుల్లో జీపు దిగబడిపోతుంది. వానాకాలంలో కూడా వెళ్ళాలని, పొయ్యిలు లెక్కపెట్టాలని ఒక ఉత్తరం రాశాను. వ్యవధి లేదు, అడగడం కంటే పొయ్యి చూడడం శాస్త్రీయం ఎలా అవుతుంది అని జవాబొచ్చింది. ఇంకో ఉత్తరం రాయలేదు. అన్ని చోట్లా పుష్యమాసంలోనే తిరిగాం. కోటమ్మ ఇంటికి కూడా వెళ్ళాను, ఈసారి జీపులో, చేతిలో అచ్చు కాగితంతో. రోజుకి ఎన్ని పూటలు తింటారన్నది పదిహేడో ప్రశ్న. కోటమ్మ నా మొహం కేసి వింతగా చూసింది.

"ఇన్నేళ్ళు తిరిగావు, నీకు తెలవదా అమ్మాయి?"

"తెలుసులే. కాగితం కోసం చెప్పు."

పక్కన నిలబడ్డ కొత్త మనుషుల్ని చూసి ఆవిడ కొంగు సర్దుకుంది. "రెండు పూటలా తింటన్నామండి" అంది. గడిలో రెండు వేశాను. ఆవిడ నన్ను మొదటిసారి 'అండి' అన్నది ఆ రోజే.

రిపోర్టు దళసరి అట్టతో బాపట్లలో మా ప్రాజెక్టు ఆఫీసుకి వచ్చింది. అట్ట మీద నా పేరు, లావుగా. ఈ డెల్టాలో కూలి కుటుంబాలు ఏడాది పొడుగునా రెండు పూటలా తింటున్నాయని లోపల నా మాటల్లోనే ఉంది. గింజల ఆలోచన మా వైపు వరకు పక్కన పెట్టేశారు. కొన్నాళ్ళకి మాస్టారు రిపోర్టు చంకలో పెట్టుకుని తెనాలి నుంచి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"భాద్రపదంలో వెళ్ళావా అమ్మా?"

"జీపు పోదండి."

"మనం జీపులోనా తిరిగింది?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను. ఆయన గొంతు తగ్గించి, ఒక్కో మాటా వెతుక్కుంటున్నట్టు చెప్పారు. "పేరు విషయంలో నేను నీకు అన్యాయం చేశాను. బాపట్లలో నువ్వు అవునన్నప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు. నీ కోపం న్యాయమైనదే. దాన్ని నా మీద తీర్చుకుంటే బాగుండేది అమ్మాయ్. కోటమ్మ మీద తీర్చుకున్నావు." రిపోర్టు బల్ల మీద పెట్టారు. "ఇది నీ పేరు మీద ఉంది. నేను కాదంటే ఉద్యోగం రానివాడి ఏడుపనుకుంటారు. నువ్వే దిద్దాలి."

దిద్దుతానన్నాను. రెండో ముద్రణలో మారుస్తానన్నాను. అలాంటి రిపోర్టులకి రెండో ముద్రణ ఉండదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఆ తర్వాత ఆయన నన్ను చూడటానికి రాలేదు. నేనూ వెళ్ళలేదు. చనిపోయిన సంగతి పది రోజుల తర్వాత తెలిసింది.

ఆ రిపోర్టు పుణ్యాన నేను చాలా ఎత్తుకే ఎదిగాను. చివరికి ప్రాజెక్టు లీడర్లని ఎంపిక చేసే కమిటీల్లో బల్లకి ఇవతలి వైపు కూర్చున్నాను. ఒకసారి చీరాల నేతగాళ్ళ ఇంటి పిల్ల ఒకతి వచ్చింది. చక్కటి పని చేసింది. ఎవరు చేశారమ్మా అంటే, "అంతా మా సార్ చేయించారండి, నేను రాశానంతే" అంది. నా పక్కన ఉన్నవాళ్ళు 'నాయకత్వ లక్షణాలు తక్కువ' అని రాశారు. ఆ పిల్ల అన్నది ఏమిటో, ఏ సగమో, ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను కూడా కాగితాల్లోకి తలొంచి సంతకం పెట్టాను. బాపట్లలో తలొంచుకుని నవ్విన ఆయన్ని తిట్టుకునే హక్కు ఆ రోజుతో పోయింది.

పుస్తకాల సంచి నా దగ్గరే ఉంది. చెదలు పట్టకుండా ఏటా ఎండలో పెడతాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

మొన్న ముసురు పట్టింది. ఎదురింటి పని ఆగిపోయింది. నిన్న పొద్దున పొగ రాలేదు. సాయంత్రమూ రాలేదు. కిటికీలు మూసే పని లేకుండా పోయిందని మా కోడలు సంతోషించింది. ఇవాళ కూడా రాకపోయేసరికి గొడుగు తీసుకుని మెట్లు దిగాను. ఆ ఇల్లాలు రేకు కింద పిల్లకి జడ వేస్తోంది.

"వంటయిందా అమ్మా?" నోటికి అలవాటైన మాట, వచ్చేసింది.

"అయిందండి పెద్దమ్మగారూ. ఇప్పుడే తిన్నామండి."

మాస్టారు చెప్పినట్టే నేను అబద్ధం చెప్పించాను. అప్పుడు, "కాసిని మంచినీళ్ళు ఇస్తావా" అన్నాను. ఆవిడ కంగారుగా లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసు కొంగుతో తుడిచి నీళ్ళు తెచ్చింది. ఆవిడ భుజం మీదుగా లోపల చూశాను. అన్నం గిన్నె బోర్లించి ఉంది. పొడిగా ఉంది.

కోడలి చేత అన్నం, పప్పు పంపించాను. ఎందుకండీ, ఇప్పుడే తిన్నామని అంటూనే ఆవిడ తీసుకుంది. పైకొచ్చి సంచిలోంచి ఆఖరి పుస్తకం తీసి, ఖాళీగా ఉన్న పేజీలో ఇవాళ్టి తేదీ వేసి, ఎదురుగా సున్నా చుట్టాను. గోడ మీద క్యాలెండరు చూస్తే భాద్రపదం. మాస్టారు వెళ్ళమన్న చోటికి వెళ్ళడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది, అదీ వీధి దాటినంత దూరం.